టిఫిన్ డబ్బా కింది అంకె

మే నెల, రెండో గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. అక్కడ మొదలైంది. ఏ సంవత్సరమో రాయను. పాలవాడు రాని రోజును కూడా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే మనిషిని, ఈ ఒక్కచోట సంవత్సరం దాస్తున్నాను. రాస్తే ఒక అమ్మాయిని గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. నన్ను గుర్తుపడతారన్న భయం కూడా ఉందా? ఉంది. అది ముందే చెప్పేయడం మంచిది.

పదేళ్లు ఎప్పుడో దాటాయి. ఇన్నేళ్ల బరువు గుండెల్లో ఉందని అనను. నాది మెడ మీద ఉంటుంది. ఎవరైనా నన్ను పరిచయం చేస్తూ, ఈవిడ చాలా కచ్చితమైన మనిషండీ అన్నప్పుడల్లా మెడ కిందికి వంగుతుంది. చూసేవాళ్లు అణకువ అనుకుంటారు. నా భర్త కూడా అలాగే అనుకున్నారు. ఆయనకూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కరెంటు సంస్థలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ సంస్థో అక్కర్లేదు. తీగలూ స్తంభాలూ నా పని కాదు. నా పని లెక్క. పవర్ స్టేషన్‌లో జనరేటర్లు తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక లైను స్విచ్ వేసినా తీసినా వాటికి చిన్న కుదుపు తగులుతుంది. ఉయ్యాలను ఒకసారి తోసి వదిలేసినట్టు, అవి కాసేపు ఊగుతాయి. మీ ఇంట్లో బల్బు కూడా మినుకుమనదు, అంత చిన్న ఊపు. అన్నీ సరిగ్గా ఉంటే ఒక ఊపుకంటే తర్వాతి ఊపు బాగా చిన్నదవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. అలా తగ్గే గుణాన్ని మేము డ్యాంపింగ్ అంటాం. అది చాలినంత ఉందో లేదో ముందే అంచనా కట్టి చెప్పడం నా ఉద్యోగం. చాలకపోతే ఊపు తొందరగా ఆగదు. మరీ లేకపోతే, ఎవరూ తోయకుండానే ఉయ్యాల పెరుగుతూ పోతుంది, ఆఖరికి తాడు తెగుతుంది.

మా గీత అయిదు శాతం దగ్గర ఉండేది. అయిదంటే, ఒక ఊపు నుంచి తర్వాతి ఊపుకు పావు వంతుకు కాస్త పైగా తగ్గాలి. అంతకంటే తక్కువ వస్తే కొత్త లైనుకు కరెంటు ఇవ్వనివ్వం, స్టేషన్ మీద లోడు పెంచనివ్వం.

ఈ అంచనాకు రెండు దారులు. ఒకటి, స్టేషన్‌ వాళ్లు పంపిన వివరాలతో కంప్యూటర్‌లో నమూనా కట్టి, దాని నుంచి లెక్కించడం. రెండోది, నిజంగా ఊగినప్పుడు రికార్డయిన గీతను తీసుకుని, ఊపు వెనక ఊపు ఎంత తగ్గుతోందో కొలవడం. మా విభాగంలో ఒక పద్ధతి ఉండేది. నేను పెట్టిందే. నమూనా ఒకరు చేయాలి, కొలత ఇంకొకరు చేయాలి. ఎవరి అంకె వాళ్లు కాగితం ముక్క మీద రాసి బోర్లా పెట్టుకోవాలి. నాలుగు గంటలకు ఇద్దరూ ఒకేసారి తిప్పాలి. కలిస్తే సంతకాలు. కలవకపోతే ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి చేయాలి, స్టేషన్‌కు ఫోన్ చేసి వివరాలన్నీ ఒక్కొక్కటిగా అడగాలి. తిప్పకముందు ఒకరిది ఒకరు చూడకూడదు. చూస్తే, కలిసిన రెండు అంకెలకు విలువ లేదు. తెలియకుండా కూడా మనసు తన లెక్కను ఎదుటి లెక్కవైపు లాక్కుంటుందని నేనే చెప్పేదాన్ని. నా కింద పనిచేసినవాళ్లు నవ్వేవాళ్లు. తర్వాత అలవాటు పడ్డారు. తర్వాత గర్వపడ్డారు.

ఇంకొక్క సంగతి చెబితే మీకంతా అర్థమవుతుంది. రికార్డులో ఏ ముక్కను కొలతకు తీసుకోవాలన్నది కొలిచే మనిషి ఎంచుకుంటుంది. దాన్ని విండో అంటాం. కుదుపు తగిలిన వెంటనే వచ్చే మొదటి రెండు ఊపులను వదిలేయాలి. వాటిలో వేరే కదలికలు కలిసి ఉంటాయి, అవి చప్పున చచ్చిపోతాయి. వాటిని కలుపుకుంటే డ్యాంపింగ్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరుకూ ఈ మాట మొదటి వారంలోనే చెప్పేదాన్ని.

ప్రమీలకూ చెప్పాను. అది ఆమె పేరు కాదు, ఇక్కడికి అలా అంటాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఇబ్రహీంపట్నం దాటాక ఒక ఊరు వాళ్లది. ఎల్బీనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని తల్లిని తెచ్చుకుంది. తల్లి ఒక దవాఖానలో ఆయాగా చేసేది. ఆ సంక్రాంతి అయ్యాక తల్లిని పని మాన్పించింది. మాన్పించిన రోజు ఆఫీసుకు మైసూర్‌పాక్ తెచ్చింది. ఏ పండగకూ స్వీట్లు తేని పిల్ల, క్రిస్మస్‌కు కూడా ఒక్క కేకు ముక్కతో సరిపెట్టే పిల్ల, ఆ రోజు కిలో డబ్బా తెచ్చి అందరి బల్లల చుట్టూ తిరిగింది.

సాయంత్రం మేమిద్దరం ఒకే బస్సు. అప్పటికి మెట్రో లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాన్ని, ఆమె ఎల్బీనగర్ వరకు పోయేది. మలక్‌పేట దగ్గర బస్సు ఆగిపోతే ఒళ్లో కాగితం పెట్టుకుని ఆ రోజు లెక్కలు మాట్లాడుకునేవాళ్లం. నా సర్వీసు మొత్తం మీద నాకంటే బాగా గీతను చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఈ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే తలకెక్కుతుందని అనుకున్నాను. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ గురువారానికి ముందు చలికాలంలో ఒకటి జరిగింది. ఇంకొక లైను విషయంలో మా రెండు అంకెలు కలవలేదు. నేను లైను ఆపించాను. పది రోజులు వెతికితే తేలింది, స్టేషన్‌లో రికార్డరే పాడైంది. తప్పేమీ లేదు, పద్ధతి ప్రకారమే ఆపాను. కానీ మా చీఫ్‌కు పైనుంచి మాట పడింది. ఆయన నాకంటే ఆరేళ్లు చిన్న. అప్పటి నుంచి నేను గదిలోకి వెళ్తే చాలు, నలుగురి ముందు, "ఏంటి మేడం గారూ, ఉయ్యాల ఊగుతోందా? పాపాయి పడుకుందా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. పెద్దావిడకు చాదస్తం ముదిరిందన్న మాట టీ తాగేచోట ఒకసారి నా చెవినే పడింది.

ఆ గురువారం మా ముందున్నది ఒక థర్మల్ స్టేషన్. ఎండలు మండిపోతున్నాయి, నగరానికి కరెంటు చాలడం లేదు. కొత్త లైను సిద్ధంగా ఉంది. దానికి కరెంటు ఇచ్చి స్టేషన్‌ను పూర్తి లోడుకు తీసుకుపోవాలి. సాయంత్రానికి మా మాట కావాలి. నమూనా నేను చేశాను. కొలత ప్రమీల చేసింది. నాకు అయిదు పాయింట్ నాలుగు వచ్చింది. రాసి, బోర్లా పెట్టి, సొరుగులో వేశాను.

మూడు ఇరవైకి ప్రమీల నీళ్ల సీసా నింపుకోవడానికి కిందికి వెళ్లింది. నేను ఒక ఫైలు కోసం ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె కాగితం టిఫిన్ డబ్బా కింద ఉంది. అంకె కనబడింది. ఒకటి పాయింట్ ఆరు.

లేదు. అలా రాయకూడదు. కనబడలేదు. డబ్బా జరిపాను.

ఒకటి పాయింట్ ఆరు అంటే ఊపు నుంచి ఊపుకు పదో వంతు తగ్గుతోందన్నమాట. ఉయ్యాల ఆగడం లేదన్నమాట. అక్కడ నిలబడి నేను ఏం ఆలోచించాను? స్టేషన్ గురించి ఆలోచించానా? నగరం గురించా? నిజం చెబుతున్నాను, నాలుగు గంటలకు చీఫ్ గదిలోకి వెళ్లి, రెండూ కలవలేదండీ అని చెప్పడం గురించి ఆలోచించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలడం కనిపించింది. పాపాయి మాట వినిపించింది. ఆ తర్వాతే నా బుర్ర కారణాలు వెతకడం మొదలుపెట్టింది. ఆ స్టేషన్ రికార్డర్ పాతది. చలికాలంలో మోసం చేసింది ఇలాంటిదే. పిల్లకు రెండేళ్ల అనుభవం. కారణాలన్నీ ఒక్క నిమిషంలో దొరికాయి. అంత తొందరగా దొరికిన కారణాలను నేను ఎవరి లెక్కలోనూ ఒప్పుకునేదాన్ని కాదు.

డబ్బా ఎప్పటిలాగే పెట్టాను. ఆమె వచ్చింది. నా కుర్చీలోంచే, తలెత్తకుండా మాట్లాడాను.

"ప్రమీలా, విండో ఒకసారి మళ్లీ చూడమ్మా. మొదటి ఊపుల్ని కూడా కలిపి చూడు."

"మొదటి రెండు తీస్కోవద్దని మీరే చెప్పిన్రు గద మేడం."

"ఈ రికార్డర్‌కు వేరు. వెనక భాగం నమ్మకూడదు దీనిది."

ఆమె సీసా మూత తిప్పుతూ నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మేడం, మీరు నా నంబరు చూసిన్రా?"

"లేదమ్మా. అలవాటుగా చెప్పాను."

"అట్లయితే సరే మేడం. మీరు చూడకుండ చెప్పిన్రంటే ఏదో ఉంటది గందుల."

ఈ నాలుగు మాటలే. రెండేళ్ల పరిచయంలో మిగతా మాటలన్నీ చెరిగిపోయాయి, ఇవి మిగిలాయి. ఆమె నా మాట పెద్దదాన్నని వినలేదు. చూడలేదన్నాను కాబట్టి విన్నది. చూడని మనిషి చెప్పిన మాటకు పక్షపాతం ఉండదని నేను నేర్పిందాన్ని నమ్మి విన్నది. నా పద్ధతితోనే ఆమెను మోసం చేశాను.

నాలుగింటికి ఇద్దరం కాగితాలు తిప్పాం. నాది అయిదు పాయింట్ నాలుగు. ఆమెది అయిదు పాయింట్ ఒకటి. సంతకాలు పెట్టాం. చీఫ్ ఆ రోజు పాపాయి మాట ఎత్తలేదు. టీ తెప్పించాడు.

సాయంత్రం బస్సులో ప్రమీల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చైతన్యపురి దగ్గర కోచింగ్ బోర్డులు చూసి, మా ఊరి పిల్లలకు ఇవన్నీ ఎక్కడియి అన్నట్టు ఏదో అనేది రోజూ. నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగిపోతాను కదా, ఈ మాట నాకెలా తెలుసు అంటారా? అప్పుడప్పుడు ఆమెతో ఎల్బీనగర్ దాకా పోయి, వాళ్లమ్మ చేతి టీ తాగి, వెనక్కి వచ్చేదాన్ని. ఆ రోజు రమ్మని ఆమె అడగలేదు. నేను ఆగలేదు.

ఆ తర్వాత మూడో వారంలో ఒక మంగళవారం మధ్యాహ్నం జరిగింది. స్టేషన్ పూర్తి లోడు మీద ఉంది. లోడు పెరిగేకొద్దీ డ్యాంపింగ్ ఇంకా తగ్గుతుంది. ఉన్నది ఒకటి పాయింట్ ఆరే, అదీ కరిగిపోయింది. ఎక్కడో ఒక చిన్న లైనును మామూలు మరమ్మతుకు తీశారు. ఊపు మొదలైంది. తగ్గలేదు. ఒకదానికంటే ఒకటి పెద్దదవుతూ పోయింది. స్టేషన్‌లో మీటర్ల ముళ్లు గడియారపు లోలకాల్లా ఊగాయని, నేల కింద మూలుగు వినిపించిందని తర్వాత షిఫ్ట్ ఇంజనీరు చెప్పాడు. కొత్త లైను స్విచ్ తనంతట తాను పడిపోయింది. ఒక యూనిట్, అంటే ఒక జనరేటర్, ఆగిపోయింది, దాని షాఫ్టు దెబ్బతింది. నగరంలో తూర్పు వైపంతా, మలక్‌పేట నుంచి వనస్థలిపురం దాకా, గంటకు పైగా కరెంటు పోయింది. ఆ ఎండలో మా వీధి దుకాణాల ముందు జనరేటర్లు మోగుతుంటే నేను ఆఫీసులో కూర్చుని ఫోన్లు తీస్తున్నాను. మర్నాడు పేపర్లన్నీ, చిన్న వార్తలతో సహా, వేలు పెట్టి చదివాను. ఎవరూ చనిపోయినట్టు రాయలేదు. ఎవరూ చనిపోలేదని మాత్రం నేను అనను. రాయలేదని అంటాను.

కారణం రెండు రోజుల్లో బయటపడింది. జనరేటర్‌కు స్టెబిలైజర్ అని ఒక పరికరం ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ పక్కన పెట్టేది కాదు. జనరేటర్ ఊగినప్పుడల్లా దానికి ఎదురుగా చిన్నగా తోసి ఊపు చంపేది. ఆ స్టేషన్‌లో ఒక రిపేరు కోసం దాన్ని ఆపి, మళ్లీ వేయడం మరిచిపోయారు. మాకు పంపిన వివరాల్లో మాత్రం పనిచేస్తున్నట్టే ఉంది. అందుకని నా నమూనా తప్పింది. అది నా తప్పు కాదని అందరూ అన్నారు. మీరు ఫోన్ చేసి అడిగి ఉంటే చెప్పేవాళ్లమండీ, చలికాలం నుంచీ ఆపే ఉంది కదా అన్నాడు ఆ షిఫ్ట్ ఇంజనీరు, మామూలుగా, నన్ను ఏమీ అనాలని కాకుండా. అంకెలు కలవకపోతే పద్ధతి ప్రకారం చేయాల్సిన మొదటి పని ఆ ఫోన్.

విచారణ వేశారు. ముగ్గురు. వాళ్లలో బయటి నుంచి వచ్చిన ఒకాయన తెలివైనవాడు. నమూనా తప్పడం అర్థమైంది, కొలత ఎలా తప్పింది అన్నాడు. నిజంగా ఊగిన గీతకు స్టెబిలైజర్ లేదని తెలుసు కదా. తప్పు నమూనాతో నిజమైన కొలత కలవకూడదు కదా. కలిసిందంటే కొలిచినవాళ్లు నమూనా అంకెను ముందే చూసి, దానికి సరిపెట్టి ఉండాలి. రికార్డు తెప్పించి చూశాడు. విండోలో మొదటి రెండు ఊపులూ ఉన్నాయి.

చూశారా? నా పద్ధతి ఎంత బాగా పనిచేసిందో. దొంగ ఉన్నారని పట్టుకుంది. ఎవరన్నదే తప్పు చెప్పింది.

ప్రమీలను పిలిచారు. నన్ను అక్కడే కూర్చోబెట్టారు. మేడం విండో మల్లొకసారి చూడమన్నరు, అందుకని మార్చిన అని చెప్పింది. ఆయన నావైపు తిరిగి, అడగడానికి ఇబ్బంది పడుతున్నట్టు అడిగాడు, మీరు అలా చెప్పారా అని.

మళ్లీ ఒకసారి చూసుకోమని అందరికీ చెబుతానండీ అన్నాను.

అది నిజం.

మీ అంకె ఎక్కడ పెట్టుకున్నారు, ఆ సొరుగుకు తాళం వేశారా అని అడిగాడు.

ఆ రోజు వేయలేదండీ అన్నాను.

అదీ నిజమే. నేను ఎప్పుడూ వేయను. ఆ సంగతి ఆయన అడగలేదు.

ప్రమీల నావైపు చూస్తోంది. ఇంకొక వాక్యం ఉంటుందని చూస్తోంది. తర్వాతి వాక్యం వస్తుందని, అది విన్నాక తాను మాట్లాడవచ్చని ఆగింది. నాకది తెలుసు. నేను బల్ల మీద గాజు పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. అన్నీ లెక్కపెట్టే మనిషిని, ఆ సమయాన్ని మాత్రం లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఆమె ఇంకేమీ చెప్పలేదు.

వాళ్లు అంత తేలికగా ఎందుకు నమ్మారు? నా పేరుకున్న కచ్చితత్వం వల్ల అని చాలాకాలం అనుకున్నాను. అది సగమే. ఆమె ఏ ఊరిదో, ఆదివారం ఎక్కడికి వెళ్తుందో, ఏ కోటాలో ఉద్యోగం వచ్చిందో ఆ గదిలో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం పడలేదు. ఆ అవసరం పడదని నాకు ముందే తెలుసా? ఇది నన్ను నేను అడిగే ప్రశ్నల్లో చాలా పాతది. తెలుసు అనే జవాబు వస్తుందని దాన్ని పూర్తిగా అడగకుండా వదిలేస్తుంటాను. ఇవాళ అడిగాను. తెలుసు.

ఆ సాయంత్రం కూడా ఒకే బస్సు ఎక్కాం. నేను లేడీస్ సీట్లో కూర్చున్నాను. నా పక్క సీటు ఖాళీ. ప్రమీల ముందుకు వెళ్లి, రాడ్డు పట్టుకుని నిలబడింది. మూసారాంబాగ్‌లో ఎక్కిన ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి చూస్తే ప్రమీల ఇంకా నిలబడే ఉంది. వెనక సీట్లు ఖాళీ అయ్యాయి, అయినా నిలబడే ఉంది.

ఆమె ఫైల్లో ఫలితాన్ని సరిపెట్టింది అని రాశారు. ఎంటెక్‌ చదవడానికి పంపుతామన్న ఆర్డరు రద్దు చేశారు. దూరంగా ఒక స్టోర్సుకు బదిలీ చేశారు, ఇన్సులేటర్లు లెక్కపెట్టే పని. ఏడాది పైగా చేసి రాజీనామా చేసింది. వాళ్లమ్మ మళ్లీ దవాఖానలో చేరిందని ఆఫీసులో ఎవరో అన్నారు. అప్పటికి నేను రిటైరయ్యాను. వీడ్కోలు రోజున చీఫ్ మాట్లాడుతూ, మేడం గారి పద్ధతి ఉండబట్టే ఆ తప్పు ఎవరిదో తేలింది అన్నాడు. శాలువా కప్పారు.

తర్వాత చెబుదామనుకున్నాను. పెన్షన్‌ ఆపేస్తారని భయం. కొన్నేళ్లు పోతే పాత సంగతులు తవ్వి పెన్షన్ ముట్టుకోకూడదని రూలు ఉంది. ఆ గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు వచ్చింది. వెళ్లింది. నేను వంటింట్లో పప్పు పోపు వేసుకుంటూ ఉన్నాను. అప్పుడు తెలిసింది, నా భయం పెన్షన్ గురించి కాదని.

ఇక మొన్నటి సంగతి. మా మేనకోడలి కూతురు చైతన్యపురిలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ కొలువుల పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. ఆదివారాలు నా దగ్గరికి భోజనానికి వస్తుంది. వాళ్ల కోచింగ్‌లో ఒక మేడం గురించి చెబుతూ ఉంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకే లెక్కను రెండు రకాలుగా చేయిస్తుందట. జవాబులు బోర్లా పెట్టించి ఒకేసారి తిప్పిస్తుందట. తిప్పకముందు పక్కవాళ్లది చూస్తే ఆ రోజుకు క్లాసులోంచి బయటికి పంపిస్తుందట. నా చేతిలో గరిటె ఆగిపోయింది. పేరు అడిగాను. చెప్పింది.

ఆ పద్ధతి ఎక్కడిదని మీరెవరూ అడగలేదా అన్నాను.

"అడిగాం అమ్మమ్మా. నాది కాదు, ఒక పెద్ద మేడం నేర్పింది అన్నారు."

"ఆ మేడం గురించి ఇంకేమైనా చెప్పిందా?"

"ఏం చెప్పలేదు. బోర్డు తుడిచి తర్వాతి లెక్క మొదలుపెట్టారు. చారు పొంగుతోంది చూడు."

బోర్డు తుడవడం. అది ఏమిటి? క్షమా? అసహ్యమా? క్లాసు టైము అయిపోతోందని తొందరా? ఇన్నేళ్లూ గీతలు చదివిన మనిషిని, ఆ ఒక్క చేతి కదలికను చదవలేకపోయాను.

సోమవారం మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ దూరం వెళ్లాను. కోచింగ్ మొదటి అంతస్తులో ఉంది. మెట్ల కింద బైకులు, జెరాక్స్ షాపు. పైనుంచి మైకులో గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. గొంతు తెలుస్తోంది. కాస్త లావైంది గొంతు. మెట్ల మీద కాలు పెట్టలేదు. వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి వచ్చాడు.

"ఎవరు గావాలె అమ్మా? అడ్మిషన్ కోసమా?"

"కాదు నాయనా. ఎండగా ఉందని నిలబడ్డాను."

ఎండగా ఉండడం నిజమే. ఆ మాట నోట్లోంచి రాగానే విచారణ గది గుర్తొచ్చింది. మళ్లీ అదే పని చేశాను. నిజమైన వాక్యం ఒకటి ముందు నిలబెట్టి, దాని వెనక దాక్కున్నాను. ఆయన స్టూలు ఇచ్చి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఇంటికి వచ్చి ఇది మొదలుపెట్టాను.

ఆమె ఇప్పుడు బాగానే ఉంది కదా, నలుగురికి చదువు చెబుతోంది కదా అని మీరు అనవచ్చు. నేనూ ఒక పూట అలా అనుకుని చూశాను. ఆ ఓదార్పు కూడా చాలా తొందరగా దొరికింది. నాకు చెల్లదు. పేరు పెట్టకుండా రాయడం సగం పనే అని కూడా తెలుసు. ఆఫీసుకు రాయాలి, ఆ ఫైల్లో మాట కొట్టించాలి. రాస్తానా? రాస్తానని ఇక్కడ మాట ఇవ్వను. ఇచ్చిన మాట మీద నమ్మకం పెట్టే పరిస్థితిలో నేను లేను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించవలసిన మనిషి మీరు కాదు. ఇది ఎప్పుడైనా ఆమె కంట పడితే, పేర్లు లేకపోయినా ఎవరు రాశారో ఆమెకు తెలుస్తుంది. ఆమె ఆ రోజు నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఇది.

చూశాను, ప్రమీలా. డబ్బా జరిపాను. పైన అంతవరకే రాసి ఆపాను. కాగితం బోర్లా ఉంది. తిప్పి చూశాను.

రాశాక మెడ తేలికైందా? కొంచెం. ఆ కొంచెం కూడా దాచను.

పోయినవి ఇవీ. దెబ్బతిన్న యూనిట్ మూలపడిన పదకొండు రోజులు. తూర్పు నగరానికి గంటకు పైగా కరెంటు, ఆ గంటలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు. ఒక అమ్మాయి ఉద్యోగం, ఆమె చదవాల్సిన చదువు. పని మానేసిన ఒక తల్లి మళ్లీ దవాఖానలో బకెట్లు మోసిన ఏళ్లు, అవి ఎన్నో నేను అడగలేదు. బస్సులో నా పక్క సీటు. ఒక మంచి పద్ధతి మీద నా పేరు. ఇంకా, ఒక అంకె. విచారణ కాగితాల్లో లేదు, ఆఫీసులో ఎక్కడా లేదు. ఆ రోజు రాసిన అంకెల్లో నిజమైనది అదొక్కటే. ఒకటి పాయింట్ ఆరు. అది ఆమెది.